చీనాబు మీది ఉక్కు అతుకులు

కొత్తఢిల్లీలో రాత్రి రైలెక్కిన ప్రయాణికుడు పానిపట్టు, అంబాలా, లూధియానా, పఠాన్‌కోటలను నిద్రలోనే దాటి తెల్లవారుసరికి జమ్ముతావిలో దిగును. ఆ రాత్రియంతయు బండి యెంత దూరము పరుగెత్తినదో అంత పొడవు గల వెల్డింగు అతుకు ఒక్క వంతెనయందే యిమిడియున్నదని చెప్పినచో వినువారు వెంటనే నమ్మజాలరు. కాని చీనాబు నదిపై నిర్మించిన రైలువంతెనలో వేసిన అతుకుల మొత్తము పొడవు 584 కిలోమీటర్లనియు, అది జమ్ముతావికిని కొత్తఢిల్లీకిని నడుమ గల దూరముతో ఇంచుమించు సమానమనియు రైల్వేవారే లెక్కగట్టి ప్రకటించియున్నారు. ఈ సంగతి ముందుగా చదివియుండుటచేత ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. బండి ఒక్కొక్క స్టేషనులో ఆగి కదలినప్పుడెల్ల, ఇంతదూరము వచ్చితిమి, అతుకింకను ముగియలేదు గదా యని మనస్సులో కొలుచుకొనుచు, అందు ప్రతి అంగుళమును, చేతితో వేసినదైనను యంత్రముతో వేసినదైనను, ఎవడో యొకని కన్ను కనిపెట్టియుండగా సాగినదే యని తలచుకొనుచు పడుకొంటిని.

కాశ్మీరమునకు పోవువారు వైష్ణవీదేవి దర్శనార్థమో, దాల్ సరస్సు చూచుటకో పోవుదురు. నేనీ పర్యాయము ఉక్కును చూడబోయితిని. గోదావరి యొడ్డున పుట్టి పెరిగినవాడ నగుటచే వంతెనలన్న నాకు చిన్ననాటినుండియు మక్కువ. రాజమహేంద్రవరమున 1900 సంవత్సరమున ప్రారంభమైన హేవలాకు వంతెన గర్డర్లమీద వరుసలు తీర్చియుండిన రివెట్ల తలలను లెక్కింపబోయి మధ్యలో విడిచినవారు మా ఊరి పిల్లలలో పలువురు. ఆ కాలపు ఉక్కుపని యంతయు రివెట్లదే. కొలిమిలో ఎఱ్ఱగా కాల్చిన రివెట్టును ఒకడు పటకారుతో అందింపగా, వేఱొకడు రంధ్రమున దూర్చి పట్టగా, మఱొకడు దాని కొనను సమ్మెటతో చదును చేయును. 1943లో తెరవబడిన కలకత్తా హౌరా వంతెనయు 26,500 టన్నుల ఉక్కుతో, మరచీలలు లేకుండ, రివెట్లతోనే కూర్పబడినది. చీనాబు వంతెనలోని ఉక్కు 28,660 టన్నులు; బరువున రెండింటికిని భేదము స్వల్పము. అయినను నడుమ గడచిన ఎనుబది యేండ్లలో ఉక్కును ఉక్కుతో కలుపు విద్య సమూలముగ మారిపోయినది. రివెట్టుతో బిగించిన రెండు పలకలు ఎన్నడును రెండుగనే యుండును; వెల్డింగుచే కలిసినచోట రెండు పలకల అంచులును, వాని నడుమకు వచ్చిన కడ్డీయు కలిసి కరగి ఒక్క లోహముగ గడ్డకట్టును. అందుచేతనే ఆ చోటు మంచిదైనచో తక్కిన ఉక్కుకు తీసిపోదు. చెడ్డదైనచో దాని చెడుగు పైకి కనబడదు.

జమ్మునుండి కట్రా చేరితిని. అచ్చట జనప్రవాహమంతయు వైష్ణవీదేవి వెలసిన త్రికూటపర్వతమువైపు సాగుచుండును. గుఱ్ఱములవారు, డోలీలవారు, అక్రోటుకాయలు అమ్మువారు, నుదుట ఎఱ్ఱని పట్టీలు కట్టుకొని జయధ్వానములు చేయుచు కొండయెక్కు భక్తులు! ఈ సందడిలో తెలుగుమాట వినబడుట వింత కాదు. తెలుగు యాత్రికులు కాలు మోపని పుణ్యక్షేత్రము భారతభూమియందు లేదు. నేను దిగిన వసతిగృహమునందే శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునుండి వచ్చిన వృద్ధుడొకడు భార్యాసమేతుడై దిగియుండెను. డెబ్బదియేండ్లు దాటిన వయస్సు. ముంజేతుల నిండ చుక్కలు చుక్కలుగ తెల్లని మచ్చలు. అవి నిప్పురవ్వలు పడి మానిన మచ్చలని తెలిసిన పిమ్మట వృత్తి యేమని అడుగవలసిన పని లేకపోయెను. విశాఖపట్టణమున ఒక పెద్ద కర్మాగారమున హెల్పరుగా చేరి, వెల్డరై, ఆపై దేశమున నలుమూలల ప్రాజెక్టులలో వెల్డింగు మేస్త్రిగా తిరిగినవాడు. దేవీదర్శనము ముగిసినది, ఇక ఆ వంతెన చూచి పోవలెనని ఆయన కోరిక. ఇల్లాలికి మంచుకొండలు చూడవలెనని యున్నది. మా ముగ్గురి దారియు ఒక్కటే యగుటచే కలిసి పోవ నిశ్చయించుకొంటిమి.

ఆ సాయంకాలము బజారు వెనుక సందులో ఒక గ్రిల్లుల దుకాణము ముందు మేస్త్రిగారు నిలిచిపోయిరి. ఇరువది యేండ్లు నిండని కుఱ్ఱవాడొకడు నేలమీద గొంతుకూర్చుండి కిటికీగ్రిల్లుకు అతుకులు వేయుచుండెను. ఎడమచేత ఇనుపపట్టీ, కుడిచేత హోల్డరు. ముఖమునకు అడ్డమేమియు లేదు. రాడ్డు తగిలించునప్పుడు కన్నులు చికిలించి తల ప్రక్కకు త్రిప్పుకొనును. మెఱుపు ఆరిన పిమ్మట తిరిగి చూచును. మేస్త్రిగారు పనిచోట్ల అబ్బిన హిందీలో అద్దమేదని యడుగగా, గోడకు వ్రేలాడుచున్న చేతిమాస్కును చూపెను. దానిని తీసి వెలుతురునకు పట్టి చూచితిమి. నల్లయద్దమునకు ముందు ఉండవలసిన తెల్లయద్దము లేదు. రవ్వలన్నియు నేరుగ నల్లయద్దముమీదనే పడి అంటుకొని, అది పొక్కులు పొక్కులై చూపునకు పనికిరాకుండ నున్నది. అదియుగాక, పని యొకచేత, రాడ్డొకచేత పట్టువానికి మాస్కు పట్టుటకు మూడవచేయి యెక్కడిది? రాత్రివేళ కన్నులలో ఇసుక పోసినట్లుండునా యని మేస్త్రిగారు ప్రశ్నింపగా వాడు నవ్వి, ఉండును, బంగాళాదుంప చెక్కలు ఱెప్పలమీద పెట్టుకొని పడుకొందునని చెప్పెను. అది వానికి జలుబువంటి వాడుకైన బాధ. ఆర్కు వేడిమి ఆఱువేల సెంటిగ్రేడు డిగ్రీల దరిదాపున నుండును. దానినుండి వెలువడు అతినీలలోహిత కిరణములు కంటిపైపొరను కమిలించును. కమిలినది వెంటనే తెలియదు, కొన్ని గంటలు గడచి, సాధారణముగ నిద్రవేళకు, నీరు కారుచు మంట లేచును. రెండుమూడు దినములలో అది తగ్గిపోవును గావున ఎవ్వరును దానిని గాయముగా లెక్కింపరు.

మేస్త్రిగారు మాఱుమాటాడక ప్రక్కనున్న హార్డువేరు దుకాణమునకు పోయి ఒక నల్లయద్దము, రెండు తెల్లయద్దములు కొనితెచ్చి, మాస్కులోని పాత అద్దమును ఊడదీసి క్రొత్తవి అమర్చిరి. పిమ్మట తునకరేకు నొకదానిని నేలపై నుంచుమని, యంత్రముమీది పిడిని త్రిప్పి కరెంటు కొంత తగ్గించి, తామే హోల్డరు పట్టిరి. నాకును ఒక అద్దపు ముక్క దొరకినది, దానిగుండ చూచితిని. లోకమంతయు చీకటియై ఆ చిన్న వెలుగు మాత్రము మిగిలినది. వెలుగు నడుమ కరగిన ఉక్కు చిన్న మడుగువలె కదలుచుండగా, రాడ్డు కొనకును ఆ మడుగునకును రాడ్డు మందమును మించని ఎడము విడువక మేస్త్రిగారి చేయి మెల్లమెల్లగా జరుగుచుండెను. నూనెలో గారె వేగునట్టి చప్పుడు మొదటినుండి చివరివరకు ఒకే తీరున వినవచ్చెను. ఆపిన తోడనే మీది మట్టి, వెల్డర్లు స్లాగని పిలుచునది, కొన యెత్తి తనంతట తానే పెళ్లగిలి పడిపోయెను. క్రింద సమముగ అలలు తేరిన అతుకు కనబడెను. కుఱ్ఱవాడు దానిపై వ్రేలు పెట్టబోగా మేస్త్రిగారు చటుక్కున వాని మణికట్టు పట్టుకొనిరి. అది ఇంకను కాలుచునేయున్నది. ఎఱ్ఱదనము పోయిన లోహమే చేతులను ఎక్కువగ కాల్చునట.

మఱునాడు రియాసిమీదుగా రోడ్డుమార్గమున పోయి, కాపలా సిపాయిలు పోనిచ్చినంత దూరము పోయి, ఎదుటి కొండచరియనుండి వంతెనను చూచితిమి. వంతెన మీదుగ పోవువానికి వంతెన కనబడదు గావున ఈ పని ముందుగ చేయుట మంచిది. బక్కల్ వైపు కొండనుండి కౌడీ వైపు కొండకు 467 మీటర్ల వెడల్పున ఒక్క విల్లు వంగియున్నది. నదీగర్భమునుండి పట్టాలవఱకు ఎత్తు 359 మీటర్లు. పారిసులోని ఐఫెలు గోపురముకంటెను హెచ్చు. మొత్తము పొడవు 1315 మీటర్లు. గంటకు 266 కిలోమీటర్ల వేగముతో వీచు గాలికిని తట్టుకొనునట్లు దీనిని రూపొందించిరి. 2004లో కాంట్రాక్టు కుదిరి, నడుమ కొంతకాలము పని నిలిచి, తిరిగి సాగి, 2021 ఏప్రిలులో ఇరువైపులనుండి వచ్చిన విల్లు శిఖరమున కలిసినది; 2025 జూను 6వ తేదీన వంతెన ప్రారంభమైనది. ఆ విల్లు కాళ్లు ఆనియున్న కొండలు పగుళ్లువాఱిన రాతికొండలు. ఆ రాతిని కట్టుదిట్టము చేయు విషయమున పదునేడేండ్లు సలహాలిచ్చిన వారిలో ప్రకాశము జిల్లా ఏడుగుండ్లపాడున పుట్టి, కాకినాడలోను వరంగల్లులోను చదివి, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యులుగా నున్న గాలి మాధవీలతగారు ఒకరు. అక్కడ నిలిచి ఆ రాళ్లను చూచినవారికి ఆ పదునేడేండ్లు ఎక్కువ యని తోచదు.

నేను విల్లును చూచుచుండగా మేస్త్రిగారు లోయ కిరువైపుల చదును చేసియున్న నేలను చూచుచుండిరి. కర్మశాలలు అక్కడనే యుండి యుండవలెననిరి. వారి యూహ సరియైనదే. కొండదారుల మలుపులలో మహాకాయములైన ఉక్కుపెట్టెలను మోసికొని వచ్చుట అసాధ్యము. అందుచే ఉక్కుపలకలనే పైకి తెచ్చి, వంతెన చెంతనే కర్మశాలలు నెలకొల్పి, అచ్చటనే కోసి, అతికి, భాగములుగ సిద్ధపఱచి, లోయమీదుగ కట్టిన తీగెలపై నడచు క్రేనులతో ఎత్తి నిలిపిరి. గాలిలో భాగమును భాగమును కలుపుటకు బిగువైన బోల్టులకును పని గలిగినది. కాని ఆ భాగములను భాగములుగ చేసినది వెల్డింగే. విల్లు అంగములు లోన బోలుగనుండు పెట్టెలు. వానిలో పిమ్మట కాంక్రీటు నింపిరి.

మందమైన పలకలను అతుకుట గ్రిల్లు అతుకుట వంటిది కాదు. అంచులను ముందుగ ఏటవాలుగ చెక్కవలెను. అక్కడక్కడ టాకాలు వేసి నిలుపవలెను. పలకను మంటతో వెచ్చజేయవలెను. చల్లని మందపు పలకమీద అతుకు వేసినచో చుట్టునున్న ఉక్కు వేడిమిని తటాలున పీల్చుకొనును. అతుకు చెంతనున్న లోహము గట్టిపడి పెళుసువాఱును. రాడ్డుకు పూసిన మందులో ఏమాత్రము చెమ్మ యున్నను అది ఆర్కులో విడిపోయి, ఉదజని వాయువు కరగిన లోహములో చొచ్చి, చల్లారిన పిమ్మట మెల్లమెల్లగ ఒకచోట పోగై, కంటికి కనబడని బీటను పుట్టించును. అది అతుకు వేసిన గంటకు లేకపోవచ్చును, మఱునాటికి రావచ్చును. ఆ కారణముననే ఇట్టి అతుకులను వేసిన వెంటనే పరీక్షించి తృప్తిపడక 48 గంటలు ఆగి పరీక్షించు నియమము వచ్చినది. రాడ్లను 300 డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చి, వెచ్చని పెట్టెలో నుంచి, పని చేయువాని ప్రక్కకు ఆ పెట్టెనే మోసికొని పోవుదురు; వాడు ఒక్కొక్క రాడ్డునే వెలికి తీయవలెను. ఈ మాట వచ్చినప్పుడు మేస్త్రిగారు నావైపు తిరిగి చెప్పిన మాటను వారి యాసలోనే వ్రాయుదును. “రాడ్డుకి సెమ్మ తగిల్తే ఇంజినీరు గోలెట్టేస్తాడు బాబూ. మా రోజుల్లో రాడ్డు కోసం పొయ్యెట్టినోడు మనిసి కోసం మంచినీళ్ల కుండెట్టలేదు.”

ఈ జాగ్రత్తలన్నియు ఊరక పుట్టినవి కావు. బెనార్డోసను రష్యావాడు బొగ్గుకడ్డీతో విద్యుత్తు మెఱుపు పుట్టించి లోహమును కరగించినది 1880ల నాటి మాట. స్వీడనున కెల్‌బెర్గు కడ్డీకి మందుపూత పూయుట కనిపెట్టినది ఇరువదవ శతాబ్దపు తొలి దశకమున. తేలికయు, త్వరయు, పొదుపును చూచి లోకము ఆ విద్యను ఆశతో చేపట్టినది. దెబ్బలు తరువాత తగిలినవి. బెల్జియమున హాసెల్టువద్ద ఆల్బర్టు కాలువపై అతుకులతో కట్టిన వంతెన రెండేండ్లయినను నిండకముందే 1938 మార్చి 14వ తేదీన ఫెళ్లున బీటవాఱి కాలువలో కూలినది. 1943 జనవరిలో అమెరికాలోని పోర్టులాండు రేవున, తుపాను లేదు, అల లేదు, కట్టివేసియున్న క్రొత్త నూనెయోడ స్కెనెక్టాడీ నడిమికి పగిలిపోయినది. రివెట్ల ఓడలో బీట పుట్టినను పలకయంచున ఆగిపోవును. అతికిన ఓడ ఒక్కటే పలక గావున బీటకు ఆగు చోటు లేదు. చలికి పెళుసువాఱని ఉక్కును ఎన్నుకొనుట, అతుకుల మూలలను నున్నగ తీర్చుట, వెచ్చజేయుట, వేచియుండుట, ధ్వనితరంగములతో శోధించుట, ఇవన్నియు అట్టి నష్టములు నేర్పిన పాఠములే. వెల్డింగు విద్యకై జీవితమంతయు ధారవోసిన యెవ్‌గెనీ పాటను కీవు నగరమున ద్నీపరు నదిపై అతుకులతోనే కట్టించిన పెద్దవంతెన 1953 నవంబరులో తెరవబడినది. దానిని చూడకుండగనే ఆ మహానుభావుడు ఆ యేటి ఆగష్టులో కన్నుమూసెను. ఆ వంతెన నేటికిని ఆయన పేరనే నిలిచియున్నది.

చీనాబువద్ద అతుకులను పరీక్షించుటకు నిర్మాణస్థలముననే గుర్తింపు గల ప్రయోగశాలను నెలకొల్పిరి. పలు స్ఫటికములనుండి ధ్వనితరంగములను వేఱువేఱు కోణములలో పంపి, అతుకు గర్భమును తెరమీద బొమ్మగ చూపు యంత్రమును భారతీయ రైల్వేలలో మొదటిసారిగ అచ్చటనే ఉపయోగించిరి. ఈ సంగతి చెప్పగా మేస్త్రిగారి ముఖము వికసించెను. తాము పనిచేసిన పెద్దపనులలో అతుకు వేసినవాని నంబరును అతుకు ప్రక్కనే గుద్దుట ఆనవాయితీ యని చెప్పిరి. “ముప్పయ్యేళ్ల తర్వాత పగిలినా ఎవుడేసాడో తెలుస్తాది బాబూ. అది బయ్యం కాదు, అదొక మర్యాద.” ఆ మర్యాద మాట నా మనస్సున నాటుకొన్నది. అతుకు పుట్టుక, దానికి వాడిన రాడ్డు, వేసినవాని నంబరు, పరీక్షాఫలితము, అన్నియు కాగితముమీద నుండును. ఈ వంతెన ఆయువు 120 ఏండ్లని నిర్ణయించిరి గావున ఆ కాగితములను దాచియుంచుటయు న్యాయమే. కాని ఆ అతుకు వేసినవాని కన్ను ఎట్లున్నది, ఊపిరితిత్తి ఎట్లున్నది యను లెక్క మన దేశమున ఎన్ని పనిచోట్ల ఉండును? కాంట్రాక్టు మాఱిన తోడనే పనివాడును మాఱును; వాని వెంట వాని దగ్గును పోవును; నంబరు మాత్రము ఉక్కుమీద మిగులును. ప్రయాణికుని రక్షణకై అతుకును శోధించు విద్య మనకు చేతనైనప్పుడు పనివాని రక్షణకై వానిని శోధించుట చేతకాదనుట నేనొప్పుకొనజాలను. రెండును ఒక్క పనిలోని భాగములే. మసకబాఱిన అద్దములోనుండి చూచువాడు మంచి అతుకు వేయలేడు. పొగలో ఊపిరాడనివాడు తొందరపడి ముగించును. పట్టుతాడు లేక నూఱు నిలువుల ఎత్తున నిలుచువాని మనస్సు మడుగుమీద నుండదు, కాళ్లక్రిందనే యుండును.

తిరుగుదారిలో పెట్టెలలోని పనిని గూర్చి మాట వచ్చెను. ఒక్క మనుష్యుడు దూఱి పనిచేయదగిన ఉక్కుపెట్టెలో, ఓడ అడుగుగదిలో, నూనెతొట్టిలో అతుకు వేయుట ఈ వృత్తిలోకెల్ల గడ్డుపని. పొగ పోవుటకు దారి యుండదు. కొన్ని పనులలో అతుకునకు గాలి తగులకుండ ఆర్గాను వాయువును వదలుదురు. దానికి వాసన లేదు, రంగు లేదు, గాలికంటె బరువగుటచే అడుగున చేరి ప్రాణవాయువును త్రోసివేయును. చెమటతో తడిసిన వస్త్రములతో నాలుగుప్రక్కల ఇనుము తగులుచుండగా హోల్డరులోని విద్యుత్తు ఒంటికి పాఱుట సులభము. ఇట్టిచోటికి మనుష్యుడు దిగకముందు లోని గాలిని పరీక్షింపవలెను, గాలిని తోడు గొట్టము వేయవలెను, వాకిట ఒకడు కదలక కావలి యుండి లోనివానితో మాటాడుచుండవలెను. తమ యౌవనమున ఒక కర్మాగారమున ఆ కావలివాడు టీ త్రాగబోయిన వేళ తొట్టిలో తమ తోటివాడు స్పృహతప్పి పడిపోయెననియు, వానిని పైకి తీయబోయి దిగిన రెండవవాడును పడిపోయెననియు, తాము తాడు కట్టుకొని దిగినందున ఇద్దఱిని వెలికి తీయగలిగితిమనియు మేస్త్రిగారు చెప్పిరి. ఒకడు బ్రదికెను. ఆ మాట చెప్పి ఆయన చాలసేపు కిటికీవైపు తిరిగి కూర్చుండిరి, ఇల్లాలు అందుకొని, “పెళ్లైన కొత్తలో రాత్రిళ్లు కళ్లు మంటలని నిద్దరోయీవోరు కాదు బాబూ. నాను తడిగుడ్డలేసి కూకునీదాన్ని,” అని తమ పాలు తాము చెప్పిరి.

శ్రీనగరమునకు పోవు వందే భారత్ బండి కట్రానుండి బయలుదేరిన కొలదిసేపటికే అంజీ లోయపైని తీగెల వంతెన వచ్చును. ఒక్క స్తంభమునుండి 96 తీగెలు దిగి దానిని మోయుచున్నవి. ఉధంపురము, శ్రీనగరము, బారాముల్లాలను కలుపు ఈ మార్గము 272 కిలోమీటర్లు. అందు 36 సొరంగముల పొడవే 119 కిలోమీటర్లు. కావున వెలుతురు వచ్చినంతలో చీకటి వచ్చును. రియాసి దాటిన పిమ్మట ఒక సొరంగమునుండి వెలువడి, బక్కల్ గడచి, బండి చీనాబుమీదికి వచ్చెను. క్రింద నది పచ్చని దారమై కనబడెను. జనులు కిటికీలకు చేరి చరవాణులతో చిత్రములు తీయుచుండిరి. మేస్త్రిగారు మాత్రము చిత్రములు తీయలేదు, క్రిందికి చూడలేదు. నేలకు చెవి యొగ్గినట్లు తల వంచి, చక్రముల చప్పుడు వినుచుండిరి. పట్టాల కీళ్లమీద చక్రము పడిన టకటక వినబడదేమని నేనడిగితిని. పట్టాలును అతికినవే యని చెప్పిరి. కర్మాగారమున విద్యుత్తుతో అంచులు కాల్చి అదిమి అతికినవి కొన్ని. దారిమీద అల్యూమినియపు పొడియు ఇనుపత్రుప్పును కలిపి ముట్టించి, మూసలో కరగిన ఉక్కును సందులో పోసి అతికినవి కొన్ని. ఆ రెండవపనిని రాత్రివేళ, బండ్లకు విరామమిచ్చిన కొద్దిసేపటిలో, చేతిదీపముల వెలుతురున చేయువారిని నేనును మా యూరి స్టేషనుకడ చూచియుంటిని.

బనిహాలు దాటి పీర్ పంజాలు క్రింది పదునొకండు కిలోమీటర్ల సొరంగమున బండి పోవుచుండగా మేస్త్రిగారు మనుమని సంగతి యెత్తిరి. శ్రీకాకుళమున ఐటీఐలో చదువుచున్నాడు. గల్ఫు దేశములకు పోవలెనని వాని తహతహ. ఉద్దానపు పల్లెలలో ఇది క్రొత్త కాదు. ఆ ప్రాంతపు వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు లేని పెద్దపని దేశమునను దొరకదు, పైదేశములలోను దొరకదు. ఏటవాలుగ నలుబదియైదు డిగ్రీలకు బిగించిన గొట్టమునకు, గొట్టమును త్రిప్పకుండ తానే చుట్టును తిరిగి అతుకు వేయు పరీక్షలో నెగ్గినవానికి మంచి జీతము. ఆ పరీక్షకు మనుమడు రేయింబవళ్లు శ్రమించుచున్నాడు. అచ్చటి పనిచోట్ల బూట్లు, టోపీ, కళ్లజోడు లేనివానిని గేటు దాటనీయరని, ఇచ్చట అడుగువాడే యుండడని మేస్త్రిగారి బాధ. అందుచే మనుమడు మొదటి జీతముతో ఏమేమి కొనవలెనో ఒక పట్టీ వ్రాసి పంపదలచిరి. చూపు ఆననందున వ్రాయుమని నన్ను కోరిరి. ఊరు చేరగనే శుక్లమునకు శస్త్రచికిత్స చేయించుకొననున్నారట.

వారు చెప్పగా నేను వ్రాసితిని. తలకు తగిలించుకొను మాస్కు, 11వ నంబరు నల్లయద్దము, దాని ముందుకు తెల్లయద్దములు అరడజను. మోచేతివఱకు వచ్చు తోలు గ్లౌజులు రెండు జతలు. ఒకటి తడిసిన ఒకటి పొడిగ నుండవలెను. తోలు ఏప్రను. నూలుబట్టలే గాని నైలాను బట్ట ఒంటిమీద ఉండరాదు. అది కరగి చర్మమునకు అంటుకొనును. ప్యాంటు అంచు పైకి మడువరాదు, ఆ మడతలో రవ్వలు కూర్చుండును. జేబులో లైటరు ఉండరాదు. జింకు పూసిన గొట్టమును అతుకునప్పుడు ముక్కునకు ఫిల్టరు మాస్కు. లేకున్న రాత్రికి చలిజ్వరము వచ్చును, పాలు త్రాగిన తగ్గుననుట ఒట్టిమాట. ఎత్తున పనియైనచో ఒంటినిండ పట్టు బెల్టు, దానికి రెండు కొక్కెములు. ఒకటి తగిలించినగాని రెండవది విప్పరాదు. ఆక్సిజను సిలిండరు మూతకు నూనె చేయి తగులరాదు. అంతటితో ముగిసినదనుకొని నేను కలము మూయుచుండగా ఆగుమని, అన్నింటికంటె చవుకైనది, అందఱును మఱచునది ఒకటి కలదనిరి. మాస్కు లోపల పెట్టుకొను తెల్లని కళ్లజోడు. అతుకు వేసినంతసేపు కంటికి మాస్కు కావలి యున్నది. ముగిసిన పిమ్మట మాస్కు పైకెత్తి, సుత్తితో స్లాగును కొట్టునప్పుడు అది వేడివేడిగ ఎగసి కంటిలో పడును. తమతో పనిచేసినవారిలో కన్ను పోయినవారందఱికిని ఆ క్షణముననే పోయినదట. దానిని పట్టీలో మొదటికి మార్చి వ్రాయుమనిరి. అట్లే మార్చి వ్రాసి యిచ్చితిని.